మైదానానికి గేటే కొలత

నగరం నడిబొడ్డున ఉన్న క్రీడా ప్రాంగణం ఎలా నిండుతుంది, ఎలా ఖాళీ అవుతుంది, ఎక్కడ బిగుసుకుపోతుంది అన్న ప్రశ్నలకు జన ప్రవాహ శాస్త్రం చెప్పే సమాధానాలు

ఒక క్రీడా మైదానం గురించి ఎవరికైనా మొదట తట్టే ప్రశ్న అందులో ఎంతమంది పడతారన్నదే. సభకు అనుమతి అడిగేవారు, ఇచ్చేవారు, మర్నాడు పత్రికల్లో వార్త రాసేవారు అందరూ ఆ అంకె చుట్టూనే తిరుగుతారు. జనసమ్మర్ద ప్రమాదాల చరిత్రను పరిశీలిస్తే మాత్రం ఆ అంకెకూ ప్రాణాపాయానికీ ఉన్నదనుకునే సంబంధం అంత సూటిగా కనిపించదు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో, హిల్స్‌బరో స్టేడియంలో 97 మంది మృతికి దారితీసిన ప్రమాదం జరిగినప్పుడు, గోల్‌పోస్టు వెనుక కంచె వేసిన నడిమి గడుల్లో ప్రేక్షకులు ఊపిరాడక నలిగిపోతున్న సమయంలోనే వాటి పక్క గడుల్లో నిలబడడానికి చోటు మిగిలి ఉంది. తిరుపతిలో 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల పంపిణీ సందర్భంగా ఆరుగురు భక్తులు మరణించిన ఘటనలోనూ, అదే ఏడాది జూన్ 4న ఐపీఎల్ విజయోత్సవం కోసం బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర చేరిన జనంలో 11 మంది మరణించిన ఘటనలోనూ ఒత్తిడి పెరిగింది ఆవరణ నడుమ కాదు, ఆవరణలోకి వెళ్లే దారి దగ్గర.

వేలమంది గంటల తరబడి క్షేమంగా కూర్చోగలిగే చోటికి కూతవేటు దూరంలో, కొద్ది నిమిషాల వ్యవధిలో, కొన్ని వందల మంది మధ్య ప్రాణాలు ఎందుకు పోతాయి? ఇంజినీర్లు, భౌతిక శాస్త్రవేత్తలు గత యాభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ వచ్చారు. గుంపుగా కదిలే మనుషుల వేగాన్ని, దట్టదనాన్ని, ఒత్తిడిని కొలిచి వివరించే ఆ అధ్యయనాన్నే జన ప్రవాహ శాస్త్రం అనవచ్చు. మైదానానికి అసలైన కొలత దాని వైశాల్యం కాదని, జనాన్ని ఎంత సేపట్లో లోపలికి తీసుకుని ఎంత సేపట్లో వదలగలదన్నదేనని ఆ శాస్త్రం చెబుతుంది.

ఆటకు మించిన పని

తిరుపతి నగర జనాభా 2011 లెక్కల ప్రకారం 3 లక్షలకు కాస్త తక్కువే అయినా, తిరుమలకు వెళ్లివచ్చే యాత్రికులు రోజుకు 60 నుంచి 80 వేల మంది దాకా ఉంటారు కాబట్టి, బస్టాండు, రైల్వే స్టేషను, అలిపిరి దారుల మీద ఆ ఊరు నిత్యం తన జనాభాను మించిన జనాన్ని మోస్తూనే ఉంటుంది. ఇలాంటి ఊళ్లో చదునుగా, ఖాళీగా, చుట్టూ ప్రహరీతో ఉన్న ప్రతి స్థలానికీ ఆటతో పాటు మరెన్నో పనులు వచ్చి మీద పడతాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని తారకరామ స్టేడియం 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోదీ, చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్ పాల్గొన్న ఎన్నికల సభకు వేదికైంది. సరిగ్గా నాలుగేళ్ల తర్వాత అదే తేదీన ప్రత్యేక హోదా డిమాండుతో జరిగిన ధర్మపోరాట సభకూ, 2023 జూన్ 6న ‘ఆదిపురుష్’ చిత్రం విడుదలకు ముందు జరిగిన వేడుకకూ అదే వేదిక. ఇందిరా మైదానం 2025 జనవరిలో దర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాల్లో ఒకటిగా మారింది. చిత్తూరులోని మెసానికల్ మైదానంలోనూ తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, సాయంత్రం సాధన చేసే పిల్లలు, ఎన్నికల కాలంలో సభలకు తరలివచ్చే జనం ఒకే నేలను వేళల వారీగా పంచుకుంటారు.

నగరం మధ్యలోని స్టేడియం ఆట వెళ్లిపోయినా నిలిచే ఉంటుందనడానికి హైదరాబాదు సాక్ష్యం. 1955లో భారత్, న్యూజిలాండ్ టెస్టు మ్యాచ్ జరిగిన ఫతే మైదాన్‌కు 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు; 2005లో అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలిపోయింది గానీ, సభలు తరలిపోలేదు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు, 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఆ స్టేడియంలోనే. విజయవాడలో ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియం 2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డి ప్రమాణ స్వీకారానికి వేదికైంది.

ఈ పనులన్నీ పైకి ఒకేలా కనిపించినా, జన ప్రవాహం దృష్టిలో ఆట వేరు, సభ వేరు. టికెట్టు మీద సీటు సంఖ్య ఉన్న ప్రేక్షకుడు తాపీగా వస్తాడు, తన గేటు ఏదో తెలిసి వస్తాడు, ఆట ఏకపక్షంగా సాగితే ముందే లేచిపోతాడు కూడా. సీటు లేని సభకు వచ్చేవారికి ముందు వచ్చినవారిదే ముందు చోటు కాబట్టి తొందర తప్పదు. ముఖ్య అతిథి వచ్చే వేళకు అందరూ ఒక్కసారిగా గేట్ల దగ్గరికి చేరతారు, ఆయన ప్రసంగం ముగియగానే అందరూ ఒక్కసారిగా బయలుదేరతారు. ఆట కోసం వేసిన కొలతలతో కట్టిన గేట్లకు ఈ రెండో రకం జనం అసలైన పరీక్ష.

తూము లెక్క

చెరువు కింద సేద్యం చేసే రాయలసీమ రైతుకు రెండు లెక్కలు తెలిసి ఉంటాయి: చెరువులో ఎన్ని నీళ్లు నిలుస్తాయన్నది ఒకటి, తూము గుండా ఎంత సేపట్లో ఎన్ని నీళ్లు పారతాయన్నది మరొకటి. వాన ముంచెత్తిన రాత్రి కట్ట తెగకుండా కాపాడేది తూము, మొరవ కలిసి నీటిని ఎంత వేగంగా బయటికి పంపగలవన్న రెండో లెక్కే. మైదానంలో సీట్ల సంఖ్య నిలవ లెక్క అయితే, గేట్ల మొత్తం వెడల్పు తూము లెక్క.

ఈ రెండో లెక్కకు అంకెలు సమకూరడానికి ఒక విషాదం కారణమైంది. 1971 జనవరి 2న స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో, ఐబ్రాక్స్ స్టేడియం నుంచి ఆట ముగిసే వేళకు బయటికి పోతున్న ప్రేక్షకుల్లో 66 మంది ఒకే మెట్లదారిలో నలిగి మరణించారు. దానిపై జరిగిన విచారణ ఫలితంగా 1973లో బ్రిటన్‌లో క్రీడా ప్రాంగణాల భద్రతా మార్గదర్శిని వెలువడింది. ‘గ్రీన్ గైడ్’ పేరుతో వ్యవహారంలో ఉన్న ఈ పుస్తకం ఎన్నో సవరణలు పొంది, నేటికీ అనేక దేశాల్లో స్టేడియాలు కట్టేవారికి ఆధారంగా ఉంది. చదును దారిలో ఒక మీటరు వెడల్పు గుండా నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది మాత్రమే సాగగలరని, మామూలు పరిస్థితుల్లో ప్రేక్షకులు తమ చోటు నుంచి కదిలి బయటికి పోయే దారి వ్యవస్థలో స్వేచ్ఛగా నడవగలగడానికి 8 నిమిషాలకు మించి పట్టకూడదని అది లెక్కకట్టింది. ఎనిమిది నిమిషాలకు మించి కదలిక ఆగిపోతే జనంలో విసుగు, ఆందోళన మొదలవుతాయన్న పరిశీలన ఈ గడువుకు మూలం.

ఈ అంకెలను ఒక ఊహాత్మక మైదానానికి అన్వయిస్తే సంగతి స్పష్టమవుతుంది. అందులో 20 వేల మంది ఉన్నారని, ఒక్కొక్కటి 3 మీటర్ల వెడల్పున్న నాలుగు గేట్లు ఉన్నాయని అనుకుంటే, మొత్తం 12 మీటర్ల వెడల్పు గుండా నిమిషానికి 984 మంది బయటికి పోగలరు. అంటే ఏ ఆటంకం లేకపోయినా మైదానం ఖాళీ కావడానికి 20 నిమిషాలు దాటుతుంది. ప్రముఖుల వాహనాల కోసం ఒక గేటును మూసి ఉంచితే ఆ సమయం 27 నిమిషాలకు పెరుగుతుంది. మిగిలిన మూడింటి ముందు తోపుడు బండ్లు, ద్విచక్ర వాహనాలు నిలిచి సగం వెడల్పే మిగిలితే 54 నిమిషాలు పడుతుంది. అదే 20 వేల మందిని 8 నిమిషాల్లో పంపాలంటే దాదాపు 30 మీటర్ల వెడల్పు, అంటే అలాంటి గేట్లు పది కావాలి. సీట్ల సంఖ్య ఈ లెక్కలన్నిటిలోనూ ఒకటే. మారినది దారి వెడల్పు మాత్రమే.

క్రీ.శ. 80లో ప్రారంభమైన రోము నగరపు కొలోసియం నేలమట్టంలో 80 తోరణ ద్వారాలతో కట్టబడిందని, వాటిలో సామాన్య ప్రేక్షకుల కోసం ఉద్దేశించిన 76 ద్వారాలకు వరుస అంకెలు చెక్కారని గుర్తు చేసుకుంటే, ఈ లెక్క ఎంత పాతదో అర్థమవుతుంది.

జనం నీళ్లు కానప్పుడు

తూముతో పోలిక ఒక హద్దు దాకానే నిలుస్తుంది. ఆ హద్దు దాటిన చోటే ప్రమాదం మొదలవుతుంది. చెరువులో నీటిమట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి తూములో నీరు మరింత వేగంగా పారుతుంది. మనుషుల విషయంలో వెనుక నుంచి ఒత్తిడి పెరిగేకొద్దీ గేటు గుండా సాగే జనం ఒక దశ తర్వాత తగ్గిపోతారు.

దీనికి కారణం నడకలోనే ఉంది. ఆటంకం లేని చోట మనిషి సగటున సెకనుకు 1.3 మీటర్లు నడుస్తాడు. చుట్టూ మనుషులు పెరిగితే అడుగు పొడవు తగ్గుతుంది, ముందువాడి మడమకు తన కాలు తగలకుండా చూసుకోవలసి వస్తుంది, భుజాలు తిప్పుకుంటూ సాగవలసి వస్తుంది. ఒక దారి గుండా నిమిషానికి ఎంతమంది సాగుతారన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: జనం ఎంత దట్టంగా ఉన్నారు, ఎంత వేగంగా నడుస్తున్నారు. ఈ దట్టదనాన్నే జన సాంద్రత అంటారు. ఒక చదరపు మీటరు నేల మీద ఎంతమంది నిలబడి ఉన్నారన్నది దాని కొలత. పలుచగా ఉన్నప్పుడు వేగం ఉన్నా మనుషులు తక్కువ కాబట్టి ప్రవాహం తక్కువ; చదరపు మీటరుకు ఇద్దరు దాకా చేరేసరికి అది తారస్థాయిని అందుకుంటుంది; ఆపైన దట్టదనం పెరగడం వల్ల కలిసొచ్చేదాని కంటే వేగం పడిపోవడం వల్ల పోయేదే ఎక్కువ కావడంతో ప్రవాహం కుంగుతుంది; అయిదుగురు దాటితే నడక దాదాపు ఆగిపోతుంది.

ఇరుకైన గేటు దగ్గర మరొక చిక్కు తోడవుతుంది. అన్ని దిక్కుల నుంచి ఒకే ఇరుకు వైపు తోసుకువచ్చేవారు గేటుకు ముందు విల్లు వంపులో ఒకరికొకరు భుజాలు బిగుసుకుని నిలిచిపోతారు. ఎవరు వెనక్కి తగ్గినా దారి తెరుచుకుంటుంది గానీ, వెనుక ఒత్తిడి వల్ల ఎవరూ తగ్గలేరు. 2000 సంవత్సరంలో డిర్క్ హెల్బింగ్, ఇల్లేష్ ఫార్కష్, తమాష్ విచెక్ అనే శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ప్రతి మనిషీ తన ఇష్టప్రకారం వేగం పెంచుకోవాలని చూసినప్పుడు గది ఖాళీ కావడానికి పట్టే సమయం తగ్గకపోగా పెరుగుతుందని కంప్యూటరు నమూనాతో చూపారు. గేటు దగ్గర తొందర ఆలస్యాన్ని పెంచుతుంది, ఆ ఆలస్యం వెనుకవారి తొందరను మరింత పెంచుతుంది, ఈ వలయం ఎవరూ కోరుకోకుండానే బిగుసుకుంటుంది.

▪ పెట్టె 1: చదరపు మీటరులో ఎంతమంది?

ఒక చదరపు మీటరు అంటే ప్రతి పక్కా సుమారు 3 అడుగుల 3 అంగుళాలు ఉన్న చతురస్రం.

ఒక్కరు: ఇష్టమైన వేగంతో, ఇష్టమైన దిక్కుకు నడవవచ్చు.

ఇద్దరు: అందరూ ఒకే దిక్కుకు సాగితే ప్రవాహం బాగుంటుంది, ఎదురు నడక కష్టం.

నలుగురు: నిలబడి చూడడానికి ఫరవాలేదు, నడవడానికి ఇబ్బంది. నిలబడి చూసే గ్యాలరీలకు గ్రీన్ గైడ్ అనుమతించే గరిష్ఠ హద్దు 10 చదరపు మీటర్లకు 47 మంది.

అయిదుగురు లేదా ఆరుగురు: పక్కవారితో శరీరాలు తాకుతూనే ఉంటాయి; చేతులు పైకి తీయడం కష్టం.

ఏడుగురు, ఆపైన: ఎవరి కదలికా వారి చేతిలో ఉండదు; గుంపు మొత్తం ఒకే ముద్దగా ఊగుతుంది.

ఊపిరి ఎందుకు ఆగుతుంది

ఇలాంటి ప్రమాదాల్లో మరణాలకు కాళ్ల కింద పడి నలగడమే కారణమన్న అభిప్రాయం బలంగా ఉన్నా, వైద్య పరీక్షలు ఎక్కువగా వేరే కారణాన్ని చూపుతాయి. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలు పైకి, పక్కలకు విచ్చుకోవాలి, పొట్ట ముందుకు కదలాలి; రెండు వైపుల నుంచి బిగించి పట్టినట్టు ఒత్తిడి కలిగితే ఆ చోటు దొరకక, నిలబడి ఉన్న మనిషికే శ్వాస అందదు. గుంపు భద్రతపై తొలితరం పరిశోధకుల్లో ముఖ్యుడైన అమెరికన్ ఇంజినీరు జాన్ ఫ్రూయిన్, ప్రాణనష్టం జరిగిన చోట్ల వంగిపోయిన ఉక్కు కమ్మీలను పరిశీలిస్తే వాటి మీద సుమారు 450 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడి ఉంటుందని తేలుతున్నదని రాశాడు. ఆ ఒత్తిడికి ఏ ఒక్కరి బలమూ కారణం కాదు. వరుసగా నిలబడిన పదుల మందిలో ప్రతి ఒక్కరూ ముందువారిపై కాస్త ఒరిగితే చాలు, ఆ కాస్త కాస్త కలిసి ముందు వరుసలో ఉన్నవారి రొమ్ము మీద పోగుపడుతుంది.

చదరపు మీటరుకు ఏడుగురు చేరేసరికి గుంపు దాదాపు ద్రవంలా మారి, దానిలో పుట్టిన కుదుపు మనుషులను తమ చోటు నుంచి మీటర్ల దూరం మోసుకుపోగలదని కూడా ఫ్రూయిన్ గుర్తించాడు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త డెనిస్ బార్తోలో బృందం స్పెయిన్‌లోని పాంప్లోనా నగరంలో ఏటా జులైలో జరిగే సాన్ ఫెర్మిన్ ఉత్సవపు ప్రారంభ దృశ్యాలను పైనుంచి చిత్రీకరించి, 2025లో ఈ అవగాహనను మరో అడుగు ముందుకు తీసుకెళ్లింది. సాంద్రత చదరపు మీటరుకు సుమారు నలుగురిని దాటాక, ఎవరూ ఉద్దేశపూర్వకంగా తోయకపోయినా, వందలమంది ఒకే ముద్దగా దాదాపు 18 సెకన్లకొకసారి గుండ్రంగా ఊగడం మొదలవుతుందని వారు కనుగొన్నారు. 2010లో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 21 మంది మరణించిన సంగీతోత్సవపు దృశ్యాల్లోనూ అదే ఊగిసలాట కనిపించింది. పైనుంచి చూసే కెమెరాకు ఆ ఊగు కనిపించిన క్షణమే జనాన్ని వెనుక వైపు నుంచి వదులు చేయవలసిన క్షణమన్నది ఈ పరిశోధన నుంచి తేలే ఆచరణాత్మక సూచన.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ముందువారు నలుగుతున్నారని వెనుకవారికి తెలియదు. వారికి కనిపించేది ముందువారి తలలు, వినిపించేది కోలాహలం మాత్రమే. గేటు తెరుచుకుందన్న కబురు వెనక్కి క్షణాల్లో పాకుతుంది గానీ, గేటు దగ్గర మనిషి పడిపోయాడన్న కబురు పాకదు. అందుకే బలం, సమాచారం, స్థలం, సమయం అనే నాలుగింటినీ కలిపి చూస్తే తప్ప గుంపు ప్రమాదం అర్థం కాదని ఫ్రూయిన్ సూత్రీకరించాడు.

లోపలికి వచ్చేటప్పుడే ఎక్కువ చిక్కు

బయటికి పోయేవారికి దారి వెడల్పు ఒక్కటే హద్దు. లోపలికి వచ్చేవారికి తనిఖీ అదనపు హద్దు. టికెట్టు చూసి ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు గుండా గంటకు 660 మందికి మించి లెక్కకట్టకూడదని గ్రీన్ గైడ్ చెబుతుంది. అంటే నిమిషానికి 11 మంది. సంచులు వెతికితే ఆ అంకె ఇంకా పడిపోతుంది.

ఇరవై వరుసల్లో తనిఖీ జరిగే ఒక ప్రాంగణానికి చివరి అరగంటలో నిమిషానికి 300 మంది చొప్పున జనం చేరుతున్నారని అనుకుంటే, లోపలికి పోయేది 220 మందే కాబట్టి నిమిషానికి 80 మంది బయట మిగులుతారు. అరగంటకు వారు 2,400 మంది అవుతారు. గేటు ముందున్న వీధి 10 మీటర్ల వెడల్పుంటే, చదరపు మీటరుకు ఇద్దరి చొప్పున వారు 120 మీటర్ల పొడవునా నిలబడవచ్చు, ఏ ప్రమాదమూ ఉండదు. లోపలి నుంచి కేకలు, చప్పట్లు వినిపించి, ఆ 2,400 మందే ముందుకు జరిగి 40 మీటర్ల పొడవులో ఇమిడిపోతే, చదరపు మీటరుకు ఆరుగురు అవుతారు. కొత్తగా ఒక్కరూ రాకుండానే, క్షేమమైన వరుస ప్రాణాంతకమైన గుంపుగా మారడానికి ఆ 80 మీటర్ల జరుగుబాటు సరిపోతుంది.

హిల్స్‌బరోలో బయట ఒత్తిడి పెరిగిందని ఒక నిష్క్రమణ గేటును తెరవగా, లోపలికి వచ్చిన సుమారు 2,000 మందిలో ఎక్కువమంది ఎదురుగా కనిపించిన సొరంగ మార్గం గుండా అప్పటికే నిండిపోయిన నడిమి గడుల్లోకే చేరారు. తిరుపతిలో బైరాగిపట్టెడ కేంద్రం దగ్గర పద్మావతి పార్కులో చాలాసేపటి నుంచి వేచి ఉన్న జనం, గేటు తెరుచుకోగానే టోకెన్లు ఇవ్వడం మొదలైందనుకుని ఒక్కసారిగా కదిలారు. బెంగళూరులో సుమారు 35 వేల మంది పట్టే స్టేడియం దగ్గరికి రెండు లక్షలకు పైగా జనం వచ్చారని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. మూడు చోట్లా ఉన్న పోలిక ఒకటే: గేటు అవతల ఏముందో, ఎంత చోటుందో, ఎప్పుడు తమ వంతు వస్తుందో తెలియని జనానికి గేటు ఒక్కటే సమాచారం అయింది.

కొండ మీది పాఠం

ఇంతటి చిక్కు సమస్యకు మంచి పరిష్కారాల్లో ఒకటి తిరుపతి వాసులకు చిరపరిచితమే. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు జనాన్ని ఒకే పొడవాటి గుంపుగా ఉంచకుండా కంపార్ట్‌మెంట్లుగా విడగొడుతుంది. ఒక్కొక్క కంపార్ట్‌మెంటులో లెక్కకు అందే సంఖ్యలో మనుషులు కూర్చుంటారు. ముందున్న వరుస కదిలి చోటు ఏర్పడ్డాకే తర్వాతి కంపార్ట్‌మెంటు తలుపు తెరుస్తారు. ఎగువ చెరువు మొరవ దిగువ చెరువుకు అందేలా కట్టిన గొలుసుకట్టు చెరువుల్లో ఏ ఒక్క కట్ట మీదా మొత్తం వరద భారం పడనట్టే, ఇక్కడ ఏ ఒక్క గేటు మీదా మొత్తం జనం ఒత్తిడి పడదు; నూరవ వరుసలో ఉన్న మనిషి తోపు మొదటి వరుసకు చేరే దారే ఉండదు. కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్లు, తినడానికి ప్రసాదం, ఎంత సమయం పడుతుందన్న ప్రకటన ఉన్నాయి కాబట్టి తొందరపడడానికి కారణమూ తగ్గుతుంది. సమయం కేటాయించి ఇచ్చే టోకెన్లు ఈ పద్ధతికి మరో మెట్టు: జనం వరుసలో నిలబడే సమయాన్ని అవి బస గదికో, బజారుకో బదిలీ చేస్తాయి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు మాడ వీధుల గ్యాలరీల్లో దాదాపు రెండు లక్షల మందిని కూర్చోబెట్టగలగడం వెనుక ఉన్నదీ ఈ విభజన సూత్రమే.

సౌదీ అరేబియాలోని మీనాలో హజ్ యాత్ర సందర్భంగా 2006 జనవరి 12న జమరాత్ వంతెన ప్రవేశం దగ్గర మూడు వందల మందికి పైగా మరణించాక, ఆ వంతెనను పలు అంతస్తులతో, రాకకు పోకకు వేర్వేరు దారులతో తిరిగి కట్టారు. బృందాలకు సమయాలు కేటాయించారు. ఆ వంతెన మీద పరిస్థితి మెరుగుపడింది గానీ, 2015లో వంతెనకు చేరే వీధుల కూడలిలో రెండు జన ప్రవాహాలు కలిసిన చోట అంతకంటే ఘోరమైన ప్రమాదం జరిగింది. ప్రాంగణాన్ని ఎంత బాగా కట్టినా, దాని చుట్టూ ఉన్న వీధులను లెక్కలోకి తీసుకోకపోతే ప్రమాదం గేటు నుంచి వీధికి మారుతుందన్నదే దీని సారాంశం.

నడిబొడ్డున ఉండడం వరమా, భారమా

రద్దీ తగ్గాలంటే స్టేడియాలను ఊరి బయటికి తరలించాలన్న వాదన తరచూ వినిపిస్తుంది. జన ప్రవాహ లెక్కలు ఈ వాదనను అంత తేలిగ్గా సమర్థించవు. నగరం మధ్యలోని మైదానం నుంచి బయటికి వచ్చినవారు నాలుగు దిక్కులకూ చీలిపోతారు: కొందరు నడిచి ఇంటికి పోతారు, కొందరు బస్టాండుకు, కొందరు రైల్వే స్టేషనుకు, కొందరు టీ తాగడానికో, భోజనానికో ఆగుతారు. ప్రతి సందు మలుపులోనూ జనంలో ఒక పాయ విడిపోతుంది కాబట్టి, గేటు దాటిన కొద్ది వందల మీటర్లలోనే సాంద్రత మామూలు స్థాయికి వస్తుంది. ఆగిపోయినవారు కూడా ఒక విధంగా మేలే చేస్తారు, ఎందుకంటే వారి ప్రయాణం అరగంటో, గంటో ఆలస్యం కావడం వల్ల రహదారి మీద భారం ఆ మేరకు పరుచుకుంటుంది.

ఊరి బయటి స్టేడియానికి సాధారణంగా ఒకటే ప్రధాన రహదారి ఉంటుంది, నడిచి వచ్చేవారు ఉండరు. 20 వేల మంది నలుగురేసి చొప్పున కార్లలో వస్తే 5,000 కార్లు అవుతాయి. తిరిగే దారితో కలిపి కారుకు సుమారు 25 చదరపు మీటర్లు వేసుకుంటే వాటిని నిలపడానికి 12.5 హెక్టార్లు, అంటే 30 ఎకరాలకు పైగా కావాలి. 65 మీటర్ల వ్యాసార్ధం ఉన్న క్రికెట్ మైదానానికి మూడెకరాలు దాటి కొంచెం నేల సరిపోతుందని గుర్తుంచుకుంటే, ఆటకు కావలసిన నేలకు తొమ్మిది రెట్లు కార్లకే పోతుందని అర్థమవుతుంది. పైగా ఆ కార్లన్నీ ఒకేసారి ఒకే దారికి ఎక్కుతాయి.

అయితే నడిబొడ్డున ఉండడం వల్ల కలిగే ఈ మేలు వీధులు నడవడానికి వీలుగా ఉన్నంత వరకే. గేటు ముందు కాలిబాట దుకాణాలతో నిండినా, సందులు వాహనాలతో మూసుకుపోయినా, పోలీసులు ఒకే దారి తెరిచి మిగిలినవి బారికేడ్లతో మూసినా, నాలుగు దిక్కులకూ చీలవలసిన జనం ఒకే పాయగా మిగిలిపోతుంది. మైదానం నిష్క్రమణ సామర్థ్యం గేటు వెడల్పుకో, గేటు ముందున్న వీధి వెడల్పుకో, రెండింటిలో ఏది తక్కువైతే దానికే కట్టుబడి ఉంటుంది.

▪ పెట్టె 2: గుంపులో ఇరుక్కుంటే

పక్కవారి శరీరాలు అన్ని వైపులా తాకుతుంటే, బయటపడే ప్రయత్నం అప్పుడే మొదలుపెట్టాలి. కదలలేని స్థితి వచ్చాక వీలుపడదు.

రెండు చేతులూ మడిచి రొమ్ముకు ముందు ఉంచుకుంటే ఊపిరి తీసుకోవడానికి కొంత చోటు మిగులుతుంది.

గుంపు ఊగుతున్నప్పుడు ఎదురు తోయకూడదు. ఊగు సద్దుమణిగిన క్షణంలో ఏటవాలుగా అంచు వైపు అడుగు వేయాలి.

గోడలకు, కమ్మీలకు, మూసిన గేట్లకు దూరంగా ఉండాలి.

చెప్పులు, ఫోను, సంచి కింద పడితే వంగకూడదు. పక్కన ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవారు కలిసి వెంటనే లేపాలి.

పిల్లలను చేత్తో పట్టుకుని నడిపించడం కంటే ఎత్తుకోవడం మేలు.

కొలవవలసిన అంకెలు

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో జనం భారీగా గుమిగూడే చోట్ల నిర్వహణపై మార్గదర్శిని ప్రచురించింది కాబట్టి, దేశంలో ఈ విజ్ఞానానికి కొరత లేదు. ఒక మైదానంలో సభకో, టోకెన్ల పంపిణీకో, ఆటకో అనుమతి ఇచ్చే పత్రంలో దాన్ని నాలుగు అంకెలుగా కుదించవచ్చు: ఆ రోజు నిజంగా తెరిచి ఉంచే గేట్ల మొత్తం వెడల్పు, దాని ప్రకారం మైదానం ఖాళీ కావడానికి పట్టే నిమిషాలు, తనిఖీ వరుసల గుండా గంటకు లోపలికి పోగల మనుషులు, తమ వంతు కోసం బయట నిలబడేవారికి ఉన్న చదరపు మీటర్లు. ఈ నాలుగింటిలో అతి తక్కువ సంఖ్యను ఏది అనుమతిస్తే, ఆ మైదానంలో ఆ రోజు పట్టే జనం అంతే. కాగితం మీద సీట్లు ఎన్ని ఉన్నా ఆ అంకె మారదు.

మిగిలినవి ఈ అంకెలను కాపాడే ఏర్పాట్లు. వచ్చేవారికి, పోయేవారికి వేర్వేరు గేట్లు ఉండాలి. సభ ముగిశాక గ్యాలరీలను ఒకదాని తర్వాత ఒకటిగా వదలాలి. బయట జనం పెరిగితే గేటు దగ్గర తోయడానికి బదులు వీధి మొదట్లోనే ఆపాలి. ఎత్తున నిలబడి జనాన్ని గమనించే మనిషికి, చివరి వరుస దాకా వినిపించే మైకు ఇవ్వాలి. ఎంతమంది వస్తారో అంచనా వేయలేని ఉచిత ప్రవేశాల విషయంలో, ముందే సమయం రాసి ఇచ్చే టోకెన్లే అన్నిటికంటే పెద్ద రక్షణ అన్నది తిరుమల అనుభవం.

ఇవేవీ కొత్త స్టేడియాన్ని కోరే పనులు కావు. మైదానాన్ని పెద్దది చేయడానికి కోట్ల రూపాయలు, చాలా ఏళ్లు కావాలి. తాళం వేసి ఉన్న గేటును తెరిపించి, దాని ముందున్న బండ్లను పక్కకు జరిపించి, మిగిలిన వెడల్పును టేపుతో కొలిచి, నిమిషానికి ఎంతమంది సాగగలరో ఆ గేటు మీదే రాయించడానికి నగరపాలక సంస్థకు ఒక పూట సరిపోతుంది.